పుట్టినరోజు ప్రయాణం పిల్లలదే

ఆలయానికి వచ్చే గృహస్థులు ఇటీవల తరచుగా ఒక విన్నపం చేస్తున్నారు. "నాన్నగారికి ఎనభై నిండాయి. సహస్ర చంద్ర దర్శన శాంతి చేయించాలనుకుంటున్నాం. హైదరాబాదులో ఫంక్షన్ హాలు మాట్లాడాం. ఆ ఉదయమే ఆయన్ను ఊరినుంచి కారులో తీసుకువస్తాం. మంచి ముహూర్తం పెట్టండి" అంటారు. సంకల్పం ఉత్తమమైనదే. కన్నవారి ఆయుర్వృద్ధికై శాంతి చేయించాలనే బుద్ధి పుట్టడమే పూర్వజన్మ సుకృతం. అయితే పంచాంగం విప్పేముందు వారికి ఒక శాస్త్ర నియమాన్ని గుర్తుచేయవలసి వస్తున్నది. జన్మదినాన ఆ పుట్టినరోజు జరుపుకొనే వ్యక్తి ప్రయాణం చేయరాదు.

ఇది కొత్తగా కల్పించిన మాట కాదు. కాశీనాథోపాధ్యాయుల ధర్మసింధువు మొదలైన గ్రంథాలలో జన్మదిన విధి వివరంగా ఉంది. ఆనాడు గోళ్లు, వెంట్రుకలు తీయించుకోరాదు. స్త్రీసంగమం, మాంసాహారం, కలహం, హింస కూడదు. వీటితోపాటే అధ్వగమనం, అనగా దారిపట్టి పోవడం, నిషిద్ధమని పెద్దలు చెప్పారు. ఈ విధికి వర్ధాపనమని పేరు. ఆ దినానికి వర్షవృద్ధి అనీ, అబ్దపూర్తి అనీ వ్యవహారం. 'వర్ధంతి' కూడా నిజానికి వృద్ధిని తెలిపే మాటే. మన పత్రికల వాడుకలో అది గతించినవారి సాంవత్సరికానికి స్థిరపడిపోయింది గనుక ఇప్పుడు దాన్ని పుట్టినరోజుకు వాడితే ఎవరైనా ఉలిక్కిపడతారు.

ఉద్యోగానికి పోవలసిన యువకుడికి ఈ నియమంలో కొంత సడలింపు ఉంటుందంటే ఒప్పుకోవచ్చును. వైద్యం కోసం ఆసుపత్రికి పోవలసిన వృద్ధునికి అసలు నిషేధమే లేదు, ప్రాణరక్షణ ముందు. కాని పిల్లల సౌకర్యం కోసం, బంధువులందరికీ దగ్గరగా ఉంటుందని, ఎనభై దాటిన తండ్రిని ఆ పూట నూరు కిలోమీటర్లు కదిలించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. ఎవరి ఆయుస్సు కోసం హోమం చేస్తున్నామో వారిని అలసటకు గురిచేసి మంత్రం చదవడంలో అర్థమేమున్నది?

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల వారికి ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతాల పల్లెల్లో దశాబ్దాల తరబడి తాగునీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లోకి దిగింది. ఇప్పుడు ఎనభైలలో ఉన్నవారు తమ బాల్యమూ యౌవనమూ ఆ నీళ్లు తాగే గడిపారు. తరువాతి కాలంలో కృష్ణా జలాలు కుళాయిల ద్వారా వచ్చాయి. అది మేలే. అయినా ఒకసారి వంగి బిగిసిన వెన్ను కొత్త నీళ్లతో నిటారు కాదు. అటువంటి శరీరాన్ని కారు సీటులో రెండు గంటలు కూర్చోబెడితే ఆ నొప్పి ఎలా ఉంటుందో పక్కన కూర్చున్నవారికి తెలియదు. పెద్దలు చెప్పరు కూడా. "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న" అంటారు.

కొన్నేళ్ల కిందట ఆ ప్రాంతపు వృద్ధుడొకరికి నగర శివార్లలోని ఒక హాలులో శాంతి చేయిస్తున్నాను. ఏర్పాట్లలో లోపమేమీ లేదు. పూలు, సన్నాయి, వీడియో, వందలమంది బంధువులు. కలశ పూజ నడుస్తుండగా ఆయన నా వైపు వంగి, మెల్లగా, "చంద్రుణ్ణి చూపిస్తమని తీస్కొచ్చిండ్రు గదా అయ్యగారూ, ఈడ చూస్తే పైకప్పే ఉన్నది" అన్నారు. పక్కన ఉన్న కుమారుడు విని నవ్వాడు. మరుక్షణం ఆ నవ్వు ఆగిపోయింది.

తిథి దొరికే దారి

ఏ రోజున బయలుదేరాలో తెలియాలంటే ముందు జన్మతిథి తెలియాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆధార్ కార్డుపై ఉన్న తేదీని ప్రమాణంగా తీసుకుంటారు. ఎనభై ఏళ్ల కిందట మన పల్లెల్లో జననం నమోదు చేయించినవారు ఎందరు? బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన తేదీయో, పింఛను కాగితాల కోసం రాయించిన తేదీయో అది. ఒకే ఇంట్లో అన్నదమ్ములందరూ జూలై ఒకటినే పుట్టినట్లు కాగితాలు చెబుతుంటాయి. అవి ప్రభుత్వ కార్యాలకు చెల్లుతాయి, సంకల్పానికి చెల్లవు.

మరి ఎలా? వారినే అడగండి. వారికి తేదీలు తెలియకపోయినా కాలం తెలుసు. "రజాకార్ల గడబిడ నాటికి నాకు నాలుగేండ్లు" అంటుంది ఒక అవ్వ. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసినది 1948 సెప్టెంబరు 17న. అది సర్వధారి నామ సంవత్సరం. నాలుగేళ్లు వెనక్కి పోతే తారణ, అనగా 1944-45. సంవత్సరం దొరికింది. "సద్దుల బతుకమ్మకు ముందురోజు పుట్టినవని మా అమ్మ చెప్పేది" అంటే మాసమూ, తిథీ దాదాపు దొరికినట్లే. "పీర్ల పండుగనాడు" అన్నారనుకోండి, కొంచెం జాగ్రత్త కావాలి. హిజ్రీ మాసాలకు అధికమాసం లేదు గనుక ఆ పండుగ ఏటేటా సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతూ ఉంటుంది. సంవత్సరం నిర్ధారించిన తరువాతే అది ఏ తెలుగు మాసంలో పడిందో లెక్కించాలి. మన ఊళ్లలో పీర్ల పండుగ ఎవరికీ పరాయిది కాదు, అందుచేత ఈ గుర్తు చెప్పే పెద్దలు చాలామందే ఉన్నారు. ఈ విచారణకు ఒక సాయంత్రం పడుతుంది. ఆ సాయంత్రం వారి నోటివెంట వచ్చే సంగతులు మీరు అంతకుముందెన్నడూ వినినవి కాకపోవచ్చు. ఫోనులో కాదు, ఎదుట కూర్చొని అడగండి.

తిథి విషయంలో మరో చిన్న మాట. జన్మమాసం ఆ సంవత్సరం అధికమాసంగా కూడా వస్తే, వర్ధాపనం నిజమాసంలోనే చేసుకోవాలి. 2023లో శోభకృత్ నామ సంవత్సరాన శ్రావణం, 2026లో పరాభవ నామ సంవత్సరాన జ్యేష్ఠం ఇలా రెండేసి వచ్చినవే. కొన్ని కుటుంబాలలో తిథికి బదులు జన్మనక్షత్రాన్ని పాటిస్తారు. మీ ఇంటి ఆచారం ఏదైతే అదే చేయండి.

ఇక వేయి చంద్రుల లెక్క. పన్నెండు నెలలకు ఒక ఏడని గుణిస్తే వేయి నెలలకు 83 ఏళ్ల 4 నెలలు అవుతాయి. కాని మన చాంద్రమానంలో 19 ఏళ్లకు 7 అధికమాసాలు వస్తాయి. ఆ లెక్కన 80 ఏళ్లలో 29 లేక 30 పున్నములు అదనంగా కలుస్తాయి. పున్నమినుంచి పున్నమికి సగటున 29.53 రోజులు గనుక వేయి పున్నములకు 29,530 రోజులు, అంటే సుమారు 80 ఏళ్ల 10 నెలలు. తారణ, పార్థివ సంవత్సరాలలో జన్మించినవారు ఈ గడప వద్దకు చేరినవారే. దీనికి ముందు 60వ ఏట ఉగ్రరథ శాంతి, 70వ ఏట భీమరథ శాంతి ఉన్నాయి. 77వ ఏట ఏడవ నెల ఏడవ రాత్రికి భీమరథి అని పేరు పెట్టి, అది మనుష్యునికి దాటరానిదని పూర్వులు భావించారు. దానిని దాటి, వేయి పున్నములు చూసిన మనిషి మన ఇంట్లో ఉన్నారంటే ఆ ఇల్లే క్షేత్రం.

దారిలో

ఇప్పుడు ప్రయాణం. హైదరాబాదు నుంచి నల్లగొండకైనా, మహబూబ్‌నగర్‌కైనా ఇంచుమించు నూరేసి కిలోమీటర్లు. పుట్టినరోజు ఉదయం బయలుదేరితే సరిపోతుందని అనుకోకండి. అభ్యంగన స్నానం తెల్లవారుజామునే జరగాలి. మీరు పదింటికి దిగితే ఆ స్నానం మీరు లేకుండా జరుగుతుంది, లేదా మీ కోసం వారు నూనె రాసుకోకుండా ఎదురుచూస్తూ కూర్చుంటారు. రెండూ తగవు. ముందురోజు సాయంకాలం దీపాలవేళకు ఊరు చేరాలి. రాత్రి పొద్దుపోయి చేరినా వారికి నిద్ర ఉండదు. రోడ్డుమీద బండి చప్పుడు వినబడినప్పుడల్లా లేచి తలుపు తీసే అలవాటు వృద్ధులకు ఉంటుంది.

విజయవాడ రహదారిపై పోయేవారికి చౌటుప్పల్ చేరకముందే పోచంపల్లి దారి వస్తుంది. ఆ ఊరికి ఒక పుణ్యకథ ఉన్నది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వచ్చినప్పుడు, భూమి లేని పేదలు ఎనభై ఎకరాలు కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తున్నానన్నారు. తమ భూమిలో కొంత అర్హులకు పంచాలని గతించిన తన తండ్రి కోరుకున్నారని, ఆ కోరిక తీరుస్తున్నానని చెప్పారు. భూదానోద్యమానికి అదే మొదలు. దేశం దాన్ని దానంగా చూసింది. నాకు మాత్రం అందులో ఒక కొడుకు తండ్రి మాటను మోసుకువచ్చి నలుగురిలో దింపిన తీరు కనిపిస్తుంది.

పుట్టినరోజున నూతన వస్త్రం ధరించాలి. దానికోసం నగరంలో వెతకనక్కరలేదు. పోచంపల్లి, పుట్టపాక మగ్గాలు ఈ దారికి దగ్గరివే. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. నూలును నూనెలో నానబెట్టి చేసే ఆ నేత చర్మానికి మెత్తగా ఉంటుంది, ముసలి ఒంటికి సుఖం. పాలమూరు వైపు పోయేవారికి గద్వాల, నారాయణపేట చీరలు ఉండనే ఉన్నాయి. ఇక్కడ మరొక సంబంధం కూడా గమనించదగినది. వర్ధాపన విధిలో ప్రధానంగా అర్చించవలసినది మార్కండేయ మహర్షిని. ఈ మగ్గాల మీద కూర్చున్న పద్మశాలీలు తమ వంశానికి మూలపురుషునిగా కొలిచేది ఆ మార్కండేయుణ్ణే. ఆయుస్సునిచ్చే ఋషి సంతతివారు నేసిన బట్టను ఆ ఋషిని పూజించేనాడు తల్లిదండ్రులకు కట్టబెట్టడం కంటే ఔచిత్యమేముంటుంది?

నార్కట్‌పల్లి దాటి నల్లగొండ వైపు తిరగగానే చెరువుగట్టు గుట్ట కనిపిస్తుంది. పార్వతీ జడల రామలింగేశ్వర స్వామి క్షేత్రం. పరశురాముడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. అమావాస్య రాత్రులలో అక్కడ నిద్రచేయడానికి జనం తరలివస్తారు. ఆ పరశురాముడు కూడా జన్మదినాన స్మరించే చిరంజీవులలో ఒకడే. నల్లగొండ దాటగానే పానగల్లు. కందూరు చోడుల నాటి ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనుక గోడపై ఒక స్తంభపు నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు తూర్పునుంచి పడమటికి పోతున్నా ఆ నీడ చోటు మారదు.

ఇవన్నీ చెప్పి, ఒక అర్చకుడిగా చెప్పకూడదేమో అనిపించే మాట చెబుతున్నాను. పోయేటప్పుడు ఇవేవీ దిగి చూడకండి. దారిలో నాలుగు గుళ్లు తిరిగి, నాలుగు చోట్ల తీర్థం పుచ్చుకొని, రాత్రి పదింటికి అలసి ఇల్లు చేరిన భక్తుడి కంటే, కారులోంచే గోపురానికి దండం పెట్టి దీపాలవేళకు తల్లి ముందు కూర్చున్నవాడే నయం. స్వామి ఎక్కడికీ పోడు. తల్లిదండ్రుల పాదాలొత్తుతున్న పుండరీకుడు ఒక ఇటుక విసిరి నిలబడమంటే పాండురంగడు నడుంమీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. ఆ కథను తెనాలి రామకృష్ణ కవి మన భాషలో కావ్యంగానే చెప్పాడు గదా. గుళ్లకు తిరుగు ప్రయాణంలో వెళ్లండి.

నల్లగొండ జిల్లానుంచి పాలమూరు వైపు పోయే ఆడబిడ్డలు, అల్లుళ్లు కూడా ఉంటారు. మిర్యాలగూడ, హాలియా, కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పోయే 167వ జాతీయ రహదారి వారిది. పెద్ద రహదారుల కోలాహలం లేని దారి. గుట్టలు, ఎర్రచెల్కలు, మోదుగ చెట్లు. మాఘ ఫాల్గుణాలలో అయితే ఆ మోదుగలు ఆకు రాల్చి నిప్పురంగు పూలతో నిండి ఉంటాయి. మోదుగ చంద్రునికి సమిధ. నవగ్రహాలలో సూర్యునికి జిల్లేడు, చంద్రునికి మోదుగ, బృహస్పతికి రావి, శనికి జమ్మి అని ఒక్కొక్కరికి ఒక్కొక్క వృక్షాన్ని విధించారు. వేయి చంద్రుల శాంతికి కావలసిన సమిధలను నగరంలో పూజా సామగ్రి దుకాణంలో ప్లాస్టిక్ సంచీలో కొనుక్కోవడం కంటే, ఊళ్లో తెలిసిన రైతును అడిగి వాళ్ల గట్టుమీది మోదుగ పుల్లలు నాలుగు తెప్పించుకోవడం మేలు. ఆ ఆకులతో విస్తర్లు కుట్టడం తెలిసిన అవ్వలు ఇప్పటికీ ఉన్నారు.

మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో పిల్లలమర్రి ఉంది. సుమారు ఏడువందల ఏళ్ల వృక్షమని ప్రసిద్ధి. ఊడలే మానులై, అసలు మాను ఏదో తెలియకుండా విస్తరించింది. 2017 చివర దానికి చెదలు పట్టి పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. సందర్శకులను ఆపివేశారు. 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్లు వందలకొద్దీ సీసాలు కొమ్మలకు వేలాడదీసి, గొట్టాల ద్వారా మందు చుక్కచుక్కగా మానులోకి పంపారు. బరువు ఓపలేని కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టి ఆసరా ఇచ్చారు. చెట్టు నిలిచింది. ఆ పని చేసినవారెవరూ ఆ వృక్షాన్ని పెకలించి, తమకు వీలైన చోటికి తీసుకుపోయి వైద్యం చేయాలని అనుకోలేదు. మందు సీసాలే చెట్టు దగ్గరకు వచ్చాయి.

కారున్నవారి మాటలే చెబుతున్నానని అనుకోకండి. పాలమూరు నుంచి ముంబయి, పుణేలకు కూలికి పోయినవారు, నల్లగొండ నుంచి భీవండి, సోలాపురం మరమగ్గాలకు పోయినవారు ఒక్కరోజు సెలవుకు ఒక్కరోజు కూలి పోగొట్టుకొని వస్తారు. వారు సమిధలు తేలేరు, సన్నాయి పెట్టలేరు. తెచ్చేది ఒక పంచె, ఒక పావుకిలో మిఠాయి. ఆ రాకలో శాస్త్రానికి లోటేమీ కనబడదు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి చార్జీ లేకుండా చేశాక, పుట్టింటికి తరచుగా పోగలుగుతున్నామని చెప్పే ఆడబిడ్డలు మా గుడికి వస్తూనే ఉన్నారు. కన్నవారి వర్ధాపనానికి కొడుకుకే అధికారమని, కూతురు చూడవచ్చిన చుట్టమని అనుకునేవారు ఇంకా ఉన్నారు. తల్లికి తలంటి, నలుగుపెట్టే చేయి ఎక్కువ ఇళ్లలో కూతురిదే గదా.

ఇంకోవైపు, ఇదే నేలమీద కన్నపిల్లలు అన్నం పెట్టడం లేదని రెవెన్యూ డివిజనల్ అధికారి ముందు నిలబడే తల్లిదండ్రులూ ఉన్నారు. అందుకోసం 2007లో పార్లమెంటు ఒక చట్టమే చేయవలసివచ్చింది. చట్టం భరణం ఇప్పించగలదు. ముందురోజు సాయంకాలం వచ్చి వాకిట్లో మంచం వాల్చి పక్కన కూర్చోమని ఏ అధికారి ఉత్తర్వు ఇవ్వగలడు?

భారతంలో అరణ్యపర్వాన కౌశికుడనే బ్రాహ్మణుని కథ ఉంది. వేదాధ్యయనపరుడు, తపస్వి. చెట్టుమీది కొంగ రెట్ట వేసిందని కోపంతో చూడగా అది చచ్చిపడింది. తన తపశ్శక్తికి తానే అచ్చెరువొందాడు. ఆ తరువాత ఒక గృహిణి భిక్ష వేయడం ఆలస్యమైందని కోపగిస్తే, 'నేను కొంగను కాను' అన్న అర్థంలో ఆమె చురక వేసి, ధర్మం తెలియాలంటే మిథిలలో మాంసం అమ్ముకొనే ధర్మవ్యాధుని దగ్గరికి పొమ్మన్నది. పోయాడు. ధర్మవ్యాధుడు అతనికి ఎంతో ధర్మం చెప్పి, చివరికి తన ఇంట్లోకి తీసుకుపోయి, తెల్లని వస్త్రాలు కట్టి, భుజించి, సుఖంగా కూర్చున్న తన వృద్ధ తల్లిదండ్రులను చూపించాడు. తనకు ప్రత్యక్ష దైవాలు వీరేనన్నాడు. మనం సాధారణంగా కథను ఇక్కడితో ఆపేస్తాం. హరికథల్లోనూ ఇక్కడే మంగళం పాడతారు.

అసలు సంగతి ఆ తరువాత ఉంది. వ్యాధుడు కౌశికుణ్ణి నిలదీశాడు. 'నీవు వేదం చదవాలని తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇల్లు విడిచి వచ్చావు. నీ కోసం ఏడ్చి ఏడ్చి ఆ వృద్ధులకు చూపు పోయింది. ముందు వెళ్లి వారిని ప్రసన్నులను చేసుకో' అని బోధించాడు. కొంగను చూపుతో కూల్చగల తపస్వికి తనవల్ల చూపు పోయిన ఇద్దరి సంగతి తెలియదు. కౌశికుడు ఎదురుచెప్పలేదు. తిరుగుదారి పట్టాడు. తల్లిదండ్రులను నగరానికి పిలిపించుకొని సేవిస్తానని అతడు అనలేదు సుమా. ఈ కథను ధర్మరాజుకు చెప్పినదెవరో తెలుసా? మార్కండేయ మహర్షి. ప్రతి పుట్టినరోజునా మనం బియ్యపు పోగుమీద ఆవాహన చేసే ఆ ఋషే.

ఆ ఉదయం

విధి పెద్దది కాదు. పురోహితుడు రాలేని పక్షంలో ఇంటివారే సంక్షిప్తంగా చేసుకోవచ్చు. అభ్యంగన స్నానం, నూతన వస్త్రం, గణపతి పూజ. పళ్లెంలో అక్షతల పోగులపై కులదేవతను, జన్మనక్షత్రాన్ని, మార్కండేయుని, అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు అనే ఏడుగురు చిరంజీవులను, షష్ఠీదేవిని పూజించాలి. షష్ఠీదేవికి పెరుగన్నం నివేదన. పాలలో బెల్లం, నువ్వులు కలిపి మార్కండేయునికి నివేదించి, ఆ పాలను పుట్టినరోజువారు అరచేత తీసుకొని తాగాలి. మధుమేహం ఉన్నవారికి బెల్లం పలుకు చాలు. నివేదన దేవునికి, పరిమాణం వైద్యునికి. శక్తి ఉన్నవారు ఆయుష్య హోమం, సహస్ర చంద్ర దర్శనానికి చంద్ర కలశ స్థాపన, మోదుగ సమిధలతో హోమం చేయించుకుంటారు. పొగ పడని ఛాతీ అయితే హోమం వాకిట్లో పెట్టి, పెద్దవారిని గాలివాలుకు ఎదురుగా కూర్చోబెట్టాలి.

సాయంత్రం చంద్రుడు కనిపించే తిథి అయితే వాకిట్లో కుర్చీ వేసి అర్ఘ్యం ఇప్పించండి. కనబడని తిథి అయితే దగ్గరి పున్నమికి ఇప్పించవచ్చు. ఆ రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. మరునాడో, మరో వారానికో వారికి ఓపిక ఉంటే, ఎక్కడికైనా పోవాలనుందా అని అడగండి. అచ్చంపేట ప్రాంతం వారైతే శ్రీశైలానికి ఉత్తర ద్వారమైన ఉమామహేశ్వరం అంటారు, గద్వాల వైపు వారైతే పశ్చిమ ద్వారమైన అలంపురం. కొల్లాపురం, అలంపురం ప్రాంతాలలో కొందరు అడిగే చోటికి మాత్రం మీరు తీసుకుపోలేరు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు వారు పుట్టిన ఊరే నీటి అడుగుకు పోయింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి, జటప్రోలు మదనగోపాలుణ్ణి కొత్త ఊరికి తరలించారు. ఇళ్లను ఎవరూ తరలించలేదు. అటువంటి వారిని ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు ఒడ్డుదాకా తీసుకుపోయి, చేయెత్తి ఎక్కడ ఏముండేదో చూపించనివ్వండి. తొందరపెట్టకండి.

చివరగా నువ్వుల సంగతి మిగిలింది. జన్మదినాన నువ్వులను ఆరు విధాలుగా వినియోగించాలని శాస్త్రం. నువ్వుపిండితో నలుగు, నువ్వులు వేసిన నీటితో స్నానం, నువ్వులతో హోమం, నువ్వుల దానం, నువ్వులు తినడం. ఇవి ఐదు. వీటిని హాలులోనైనా ఎలాగో జరిపించవచ్చు. ఆరవది నువ్వులు విత్తడం. అందుకు మట్టి కావాలి. పెరట్లో రెండు గజాల చోటు ముందురోజే తడిపి ఉంచండి. పిడికెడు నువ్వులు మీ నాన్నగారి చేతిలోనో, అమ్మగారి చేతిలోనో పోయండి. ఎలా చల్లాలో చెప్పబోకండి. అదను కాదని వారు మిమ్మల్ని కోప్పడినా కోప్పడతారు, ఇసుక కలపకుండా నువ్వులెవరైనా చల్లుతారా అని అడిగినా అడుగుతారు. ఇసుక కొంచెం దగ్గర పెట్టుకోండి.